కాలవకి పెడమొహం పెట్టిన ఊళ్ళు

మా తాతగారింటి సింహద్వారం దొడ్డివైపు ఉంటుంది.

టేకు ద్వారబంధం, నెత్తిన గజలక్ష్మి, రెండు తలుపుల మీదా చిలకలు, బయట ఇద్దరు మనుషులు పడుకోగలిగినంత అరుగు. ఇంత హంగు చేసి, దాన్ని తీసుకెళ్ళి బాత్‌రూమ్ పక్కన పెట్టారు. అరుగు మీద ఇప్పుడు ఖాళీ గ్యాస్ సిలిండర్లు, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఎండబెట్టిన కొబ్బరి మట్టలు ఉంటాయి. మేమంతా రాకపోకలు సాగించేది సిమెంటు రోడ్డు వైపున్న మామూలు తలుపులోంచి. దానికి ఒక ఇనప గ్రిల్లు, ఒక తాళం, అంతే.

పదో తరగతి సెలవల్లో తాతయ్యని అడిగాను, ఈ ఇల్లు కట్టిన మేస్త్రీకి మతి గాని పోయిందా అని. ఆయన చుట్ట తీసి నవ్వాడు. "మేస్త్రీ సరిగ్గానే కట్టాడ్రా. వీధే ఇటునుంచి అటు వెళ్ళిపోయింది" అన్నాడు.

ఆ గుమ్మం దిగి ఇరవై అడుగులు వేస్తే గట్టు, గట్టు దిగితే రేవు, రేవు దిగితే కాలవ. ధవళేశ్వరం నుంచి కాకినాడ వెళ్ళే కాలవ. కొందరు సామర్లకోట కాలవంటారు, కొందరు కాకినాడ కాలవంటారు. మా ఊళ్ళో దానికి ఏ పేరూ లేదు, ఒట్టి కాలవ. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళే బస్సులు దాని అవతలి గట్టు మీదే తిరుగుతాయి, అందుకే ఆ రోడ్డు పేరు కెనాల్ రోడ్డు. మీలో చాలామంది ఆ దారిన వెళ్ళే ఉంటారు. కిటికీలోంచి చూసి "అబ్బ, కోనసీమలా ఉంది" అనుకునీ ఉంటారు. కోనసీమ అది కాదు, గోదావరికి అవతల ఉంది. ఆ మాటకేం గాని, నేను చెప్పాలనుకున్నది వేరే.

గోదావరి కాలవల గురించి ఎవరు రాసినా పంట గురించే రాస్తారు. కాటన్ దొర వచ్చాడు, ఆనకట్ట కట్టాడు, నీళ్ళొచ్చాయి, వరి పండింది, మనం అన్నం తింటున్నాం. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ కాలవకి ఇంకో సగం ఉంది. అది నీళ్ళు మోసే కాలవ మాత్రమే కాదు, మనుషుల్నీ బస్తాల్నీ మోసిన రోడ్డు కూడా. ఆ సగాన్ని మర్చిపోయాం కాబట్టే ఇవాళ కాలవని చెత్తబుట్టలా వాడుకోగలుగుతున్నామని నా నమ్మకం. ఎవరైనా వీధి గుమ్మం ముందు చెత్త పోసుకుంటారా? దొడ్లో అయితే పోస్తారు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1832–33లో వచ్చిన కరువుని మన పెద్దలు నందన కరువన్నారు, నందన నామ సంవత్సరం కాబట్టి. గుంటూరు వైపు దాని దెబ్బ ఘోరం, గోదావరి వైపూ తక్కువేం కాదు. 1839లో వచ్చిన తుఫానుకి కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5.6 లక్షలకి పడిపోయింది. పక్కనుంచే గోదావరి పోతోంది, దాని ఒడ్డునే జనం ఆకలితో చస్తున్నారు. ఈస్టిండియా కంపెనీకి ఇది మనసుకి తగిలిందో లేదో గాని, ఖజానాకి మాత్రం తగిలింది. శిస్తు రావడం లేదు. ఎందుకు రావడం లేదో చూసి రమ్మని సర్ హెన్రీ మాంట్‌గొమరీని పంపారు. ఆర్థర్ కాటన్ అదే రోజుల్లో గోదావరికి ఆనకట్ట కట్టొచ్చని లెక్కలు వేసి ఇచ్చాడు. 1846 చివర్లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది.

కాబట్టి మా ఊళ్ళో కొందరు చెప్పినట్టు ఇది ఒక దొర దయ కథ కాదు. కంపెనీకి అది పెట్టుబడి. పెట్టింది రావాలి, మీద లాభం రావాలి. కాటన్ పట్టుదల గల మనిషే, మన నేల మీద ఆయనకి ప్రేమ ఉందనడానికి కూడా ఆధారాలున్నాయి. కానీ ఆయన ఒక్కడే పార పట్టి తవ్వలేదు కదా. ఆయన దగ్గర పనిచేసి రాయ్ బహద్దూర్ అనిపించుకున్న వీణం వీరన్నగారి పేరు ధవళేశ్వరం దాటితే ఎంతమందికి తెలుసు? మట్టి తవ్వి తట్టలెత్తిన వడ్డెర్లకైతే ఆ ఒక్క పేరు కూడా మిగల్లేదు. మా కాలవగట్టు మీద నేను చూసినంతలో ఒక్క రాయి మీద కూడా వాళ్ళ ప్రస్తావన లేదు.

కాటన్‌లో నాకు బాగా నచ్చేది ఒక విచిత్రం. ఆనకట్టకి కావలసిన రాయిని ధవళేశ్వరం కొండ నుంచి తేవడానికి ఆయన 1840ల్లో అక్కడ పట్టాలు వేయించి బళ్ళు నడిపాడు. బొంబాయి–ఠాణా రైలు 1853లో కదిలింది, ధవళేశ్వరం పట్టాలు దానికి ముందువి. అలాంటి మనిషి జీవితాంతం రైలుతో పేచీ పెట్టుకున్నాడు. ఈ దేశానికి కావలసింది రైళ్ళు కాదు, పడవలు నడిచే కాలవలు అని లండన్ దాకా వెళ్ళి వాదించాడు. కాలవ తవ్వితే పొలం తడుస్తుంది, సరుకూ నడుస్తుంది, ఒకే ఖర్చుకి రెండు పనులు. రైలు పొలం తడపదు. ఆ వాదనలో ఆయన ఓడిపోయాడు గాని, ఓడిపోయే లోపల మన డెల్టాలో పెద్ద కాలవల్ని పడవ పట్టేలా తవ్వించేశాడు. మనవి మిగతా చోట్ల పంటకాలవల్లాంటివి కాదు. ఆ వెడల్పు, గట్టు మీద ఆ దారి, మధ్యమధ్యలో పడవల్ని ఎక్కించి దింపే ఆ లాకులు, అవన్నీ పడవ కోసం.

తర్వాత్తర్వాత ఒక్కో కాలవా ఇంకోదానికి కలిసింది. కాకినాడలో పడవెక్కితే ధవళేశ్వరం వచ్చి, గోదావరి దాటి, అవతల విజ్జేశ్వరం లాకుల్లో దూరి, నిడదవోలు, ఏలూరు మీదుగా బెజవాడ. అక్కడ కృష్ణ దాటి, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలవలో పెదగంజాం. అక్కణ్ణుంచి ఉప్పునీటి బకింగ్‌హాం కాలవ, సముద్రం పక్కనే, మద్రాసు దాకా. మద్రాసు కూడా దాటి పుదుచ్చేరికి ఇవతలున్న మరక్కాణం వరకూ లెక్కేస్తే 796 కిలోమీటర్లు. మద్రాసు ఊళ్ళో కూవం, అడయారు నదుల్ని కలిపిన ముక్కని ధాతు కరువులో, 1877–78 మధ్య, కూలి కోసం వచ్చిన జనం చేత తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు, కాలవకి ఆయన పేరు పెట్టారు. ఆకలితో తవ్వినవాళ్ళవి కాక గవర్నరుది పెట్టారు. ఇక్కడ కూడా అదే కథ.

మా తాతయ్య పుట్టింది 1930ల్లో. ఆయన కుర్రతనంలో పడవలు ఇంకా నడుస్తూనే ఉండేవి. ఎగువకి వచ్చేటప్పుడు గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే తాడు. తాడు కొస భుజానికేసుకుని ఇద్దరు మనుషులు గట్టు మీద ముందుకి వంగి నడుస్తుంటే, ధాన్యం బస్తాల పడవ వాళ్ళ వెనక మెల్లగా వచ్చేదట. పెళ్ళివారు పడవలో వచ్చేవారు. ఉప్పు వచ్చేది, కలప వచ్చేది, కుండలు వచ్చేవి. కుండల పడవ వచ్చిందంటే ఊరి ఆడవాళ్ళంతా రేవులో ఉండేవారట, ఒక్కో కుండా వేలితో కొట్టి చూస్తూ. మా నాయనమ్మ కాపురానికి వచ్చింది పడవలోనే. ఆవిడ మొదట కాలు పెట్టిన గుమ్మం ఏదో వేరే చెప్పక్కర్లేదు.

లాకు అంటే ఏంటో మా పిల్లలకి చెప్పబోతే అర్థం కాలేదు. మా ఊరికి 3 మైళ్ళ ఎగువన ఒకటుంటే తీసుకెళ్ళి చూపించాను. మీలోనూ చూడనివాళ్ళు ఉండొచ్చు, చెప్తాను. నేల ఏటవాలుగా సముద్రం వైపు దిగుతుంది. కాలవని అదే వాలుతో వదిలేస్తే నీళ్ళు పరుగెడతాయి, గట్లు కోస్తాయి, పడవ ఎదురెక్కలేదు. అందుకని కాలవని దాదాపు మట్టంగా నడిపించి, అక్కడక్కడ మెట్టులా ఒక్కసారిగా దింపుతారు. దాన్నే డ్రాపు అంటారు. నీళ్ళయితే దూకుతాయి, పడవ దూకలేదు కదా. అందుకని పక్కనే ఒక రాతి తొట్టి కడతారు. అటూ ఇటూ ఒక్కో జత తలుపులు. కింది నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి దూరుతుంది, వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల్లో ఉన్న చిన్న తూముల్ని తెరుస్తారు. ఎగువ నీళ్ళు తొట్టిలోకి దిగుతుంటే పడవ దానంతటదే పైకి లేస్తుంది. రెండు వైపులా నీళ్ళు సమానం కాగానే తలుపులు తెరుచుకుంటాయి. దిగాలంటే ఇదే వరస తిరగేయడం. కరెంటు లేదు, మోటారు లేదు. మనుషులు మరలు తిప్పి, తలుపులు తొయ్యడమే.

ఆ తలుపుల దగ్గర ఇంకో చమత్కారం ఉంది. అవి మన ఇంటి తలుపుల్లా ఒకే గీతలో మూసుకోవు. దణ్ణం పెట్టబోతున్న రెండు చేతుల్లా ఎగువ వైపుకి కోణంగా ఆనుకుంటాయి. నీళ్ళు ఎంత బలంగా తోస్తే అంత బిగుసుకుంటాయి. అవతల ఇవతల నీళ్ళు సమం అయ్యేదాకా ఏనుగుతో లాగించినా తెరుచుకోవు, సమం అయ్యాక ఇద్దరు మనుషులు చాలు. నేను వెళ్ళినప్పుడు అక్కడ తలుపులు లేవు. తొట్టి ఉంది, గోడలో వాటిని నిలబెట్టిన రాతి గాడి ఉంది, గాడి అంచున తాళ్ళు రాసుకుని రాసుకుని పడిన గీతలున్నాయి. ఒక్కో గీతలో నా చూపుడువేలు సగం దిగింది. కొబ్బరి తాడు రాయిని అంత కొయ్యాలంటే ఎన్ని పడవలు వెళ్ళి ఉండాలి? మా చిన్నాడు ఆ గీతల్లో వేలు పెట్టి లెక్కపెడుతుంటే, లాకుల దగ్గరుండే లస్కరు ఒకాయన వచ్చి, "పిల్లోడ్ని పట్టుకోండి, తొట్టిలో లోతుందండి ఆయ్" అని హెచ్చరించి పోయాడు.

రోడ్డు అటునుంచి ఇటు ఎలా వచ్చిందంటే, 1890ల్లో రైలొచ్చింది. కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట: ఈ స్టేషన్ల వరస చూడండి, కాలవ పక్కన ఉన్న ఊళ్ళ వరసే. 1900లో గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచాక పడవలో వారం పట్టే దూరం ఒక రాత్రికి వచ్చేసింది. అయినా పడవ చావలేదు, ఊరి నుంచి ఊరికి వెళ్ళే సరుకుతో ఇంకో రెండు తరాలు బతికింది. దాన్ని చంపింది లారీ. పడవని లాగడానికి మనుషులు నడిచిన గట్టు మీదే తారు పోసి లారీలు నడిపాం. ఆ తర్వాత అడ్డంగా వంతెనలు కట్టాం, పడవ ఎలాగూ లేదు కదా అని ఎత్తు తగ్గించి కట్టాం. మా ఊరి వంతెన కింద నుంచి కాలవ నిండుగా ఉన్నప్పుడు పడవ సంగతి అటుంచి, ఈత కొట్టేవాడు కూడా తల వంచుకుని పోవాలి.

ఇంత చెప్పాక, చూడ్డానికి ఏముంది అంటారా? ఉంది. మీకు రెండు రోజులు తీరికుంటే సైకిల్ మీద వెళ్ళండి. కారులో వెళ్తే ఏమీ కనబడదు, లారీల వెనకలు తప్ప.

ధవళేశ్వరంలో మొదలుపెట్టాలి. ఇప్పుడున్నది పాత ఆనకట్ట కాదు, 1970ల్లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, మొత్తం 175 గేట్లు. పక్కన కాటన్ మ్యూజియం ఉంది. అందరూ విగ్రహం ముందు ఫొటో తీసుకుని వచ్చేస్తారు. ఆవరణలో ఉన్న పాత ఆవిరి యంత్రాలు, తుప్పు పట్టిన ఇనప సామాను దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. నన్నడిగితే వాటి దగ్గరే ఆగాలి.

కడియం గురించి నేను చెప్పక్కర్లేదు. మొక్కల నర్సరీలు, పూల మార్కెట్టు, దేశం నలుమూలలకీ వెళ్ళే లారీలు. అయితే ఒక మాట, ఆ నర్సరీలు ఇక్కడే పుట్టడానికి కారణం ఒండ్రు నేలా, దాని పక్కన నడిచే ఈ నీళ్ళూ. ద్వారపూడి అయ్యప్ప గుడికి జనం వస్తూనే ఉంటారు, అక్కడ నాకు కొత్తగా చెప్పడానికేం లేదు.

బిక్కవోలు దగ్గర మాత్రం దిగాలి. తూర్పు చాళుక్యుల్లో గుణగ విజయాదిత్యుడికి బిరుదాంకుడనే పేరుంది, ఆ బిరుదాంకుడి ప్రోలే నోళ్ళలో నలిగి బిక్కవోలయింది. గోలింగేశ్వరుడి గుడికి పూజలూ సందడీ ఉన్నాయి. నాకిష్టమైనవి ఊరి బయట పొలాల్లో ఉన్న పాత గుళ్ళు. వాటిల్లో ఒకదాని పేరు నక్కలగుడి. పేరులోనే తెలుస్తోంది కదా, నక్కలు కాపురం ఉన్నంత కాలం మనుషులు దాని వైపు చూడలేదు. వెయ్యేళ్ళ రాయి, చుట్టూ మోకాలెత్తు వరి, ఎండకి గోడ నీడన పడుకున్న మేకలు. చాళుక్యులప్పుడు ఈ కాలవ లేదు. కానీ ఇవాళ ఆ గుడి చుట్టూ పచ్చగా ఉందంటే అది కాలవ పుణ్యమే. చివర సామర్లకోటలో భీమేశ్వరుడు, పంచారామాల్లో ఒకటి, చాళుక్య భీముడు కట్టించింది. రెండంతస్తుల ప్రాకారం చుట్టూ ఒకసారి తిరిగి రండి, తొందరపడకండి. అక్కణ్ణుంచి కాకినాడ ఎంతో దూరం లేదు.

అయితే ఈ దారిలో అసలు చూడాల్సినవి గుళ్ళు కావు. రేవులు. ప్రతి ఊరికీ రెండో మూడో ఉంటాయి, ఒక్కోటీ ఒక్కో రకం. నల్లరాతి మెట్లున్నవి కొన్ని, ఇటిక మెట్లు సగం జారిపోయినవి కొన్ని. మెట్ల పక్కన రావిచెట్టు, చెట్టు కింద నాగప్రతిమ, దాని పక్కన పడవ కట్టేసిన రాతి గుంజ. మా రేవు గుంజకి ఇప్పుడు గేదెని కడుతున్నారు.

మా బావ ఒకాయన ఉన్నాడు, హైదరాబాదులో రియల్ ఎస్టేటు. పండక్కి వచ్చినప్పుడు ఈ విషయం మీదే మాకు గొడవ. "నువ్వు ఊరికే పాతకాలం అని ఏడుస్తావు గాని బావా, కేరళ వాడు చూడు, అదే నీళ్ళని డబ్బు చేసుకున్నాడు. ఇక్కడ పది హౌస్‌బోట్లు వేసి, గట్టుకి గ్రానైట్ రెయిలింగు, లైట్లు, ఒక ఫుడ్ కోర్టు పెడితే ఊరి కుర్రాళ్ళకి ఉద్యోగాలు రావూ?" అంటాడు.

ఉద్యోగాల మాట నేను కొట్టిపారెయ్యను. మా ఊరి కుర్రాళ్ళు చదువుకుని ఖాళీగా ఉన్నారు, అది నిజం. కానీ కేరళ బ్యాక్‌వాటర్స్ వేరు, మన కాలవ వేరు. ఇది పంటకాలవ. సార్వా, దాళ్వా రెండు పంటలకీ నీళ్ళిచ్చి, ఏప్రిల్‌లో కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో వదిలేదాకా అందులో బురద తప్ప ఏమీ ఉండదు. సెలవలిచ్చి జనం తిరిగే నెలల్లోనే హౌస్‌బోటు బురదలో కూర్చుంటుంది. పైగా వంతెనలన్నీ పడగొట్టి ఎత్తుగా కట్టాలి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలవల్నీ, గోదావరి, కృష్ణల్లో కొంత భాగాన్నీ కలిపి జాతీయ జలమార్గం 4 అని ప్రకటించారు. ఆ వార్త చదివి తాతయ్య పేపరు మడిచి దాచుకున్నాడు. మా రేవుకి మాత్రం ఇప్పటిదాకా ఒక్క పడవా రాలేదు. ఆయన పోయాక ఆ పేపరు బీరువాలో దొరికింది.

గ్రానైట్ రెయిలింగు అంటే నాకు భయం కూడా. సుందరీకరణ అని బోర్డు పడితే మొదట లేచిపోయేవి గట్టు మీది గుడిసెలు. సెంటు భూమి లేక రెండు తరాలుగా గట్టు మీదే ఉంటున్నవాళ్ళు మా ఊళ్ళోనే ముప్పై ఇళ్ళ వాళ్ళున్నారు. ఆక్రమణే, కాదనను. గట్టు బలహీనపడుతుందనే మాటలోనూ న్యాయముంది. కానీ ఒక్కటి గమనించాను. ఊరు మొత్తం మీద ఇవాళ కాలవ వైపు మొహం పెట్టి బతుకుతున్నది వాళ్ళొక్కళ్ళే. వాళ్ళ గుమ్మాలు కాలవకి తెరుచుకుంటాయి, వాళ్ళ ముగ్గులు గట్టు మీద ఉంటాయి. నీళ్ళు ఒక్క జానెడు పెరిగినా ముందు తెలిసేది వాళ్ళకి. వేరే చోట ఇళ్ళ స్థలాలిచ్చి, కట్టుకునేదాకా ఆగి, అప్పుడు కదపండి. అలా కాకుండా ముందు వాళ్ళని లేపేసి, తర్వాత అదే చోట నలభై రూపాయల కాఫీ అమ్ముతానంటే నేను ఆ కాఫీ తాగను.

నాకు కావలసింది చాలా చిన్నది, అందుకే ఎవరికీ ఆసక్తి ఉండదు. రెండో గట్టు మీద నడవడానికి మట్టిదారి చాలు, తారొద్దు. పడిపోయిన చెట్ల చోట చెట్లు. రేవుల మెట్లు జారిన చోట అదే రాయితో సరిచెయ్యడం, టైల్స్ అతికించకుండా. పాత లాకుల్లో ఒక్కదానికైనా తలుపులు బిగించి, పిల్లలకి అది ఎలా పనిచేస్తుందో చూపించడం. వీటన్నిటికంటే ముందు, మురుగు.

ఇక్కడ మా ఇంటి తప్పు కూడా చెప్పాలి. 1990ల్లో బాత్‌రూమ్ కట్టినప్పుడు దాని గొట్టం ఎటు వదిలారనుకున్నారు? సింహద్వారం పక్కనుంచి, అరుగు కిందగా, కాలవలోకే. మా వీధిలో అందరిదీ అదే. ఊరి డ్రైనేజీ రెండు చోట్ల కాలవలోనే కలుస్తుంది. మంచినీళ్ళ చెరువుని నింపేది కూడా ఈ కాలవ నుంచే. కాలవ కట్టేసే ముందు చెరువులు నింపుకుంటారు, ఆ నీళ్ళే ఎండాకాలమంతా. పై ఊరు వదిలింది మేం తాగుతాం, మేం వదిలింది కింది ఊరు తాగుతుంది. శుద్ధి చేస్తారు, నిజమే. మా పిన్ని మాత్రం ఇరవై లీటర్ల క్యాన్ కొంటుంది. తాతయ్య తాగింది రేవులో ముంచిన బిందె నీళ్ళు, ఇండుపగింజ అరగదీసి తేర్చినవి. కిందటేడు సోక్‌పిట్ (మురుగు నేలలో ఇంకిపోయే గుంట) తవ్వించి మా గొట్టాన్ని అటు తిప్పించాను. పదహారు వేలయింది. పక్కింటాయన చూసి "మీ ఒక్కరిది ఆపితే కాలవ గంగైపోద్దేంటండీ" అన్నాడు. అయిపోదు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మే 15 కాటన్ పుట్టినరోజు. డెల్టాలో ఊరూరా విగ్రహాలకి దండలు పడతాయి, మా వంతెన దగ్గర విగ్రహానికి కూడా. మైకు, రెండు ఉపన్యాసాలు, మజ్జిగ ప్యాకెట్లు. ఈ పండగ సరిగ్గా కాలవలు కట్టేసిన రోజుల్లో పడుతుంది. ఏడాదిలో పదిన్నర నెలలు నీళ్ళు కప్పిపెట్టినదంతా ఆ రోజుల్లో బయటపడుతుంది. మొన్న మే నెలలో ఉపన్యాసం నడుస్తుంటే నేను వంతెన మీదనుంచి కిందకి చూస్తూ నిలబడ్డాను. చికెన్ కొట్టు వాళ్ళు మూటకట్టి పడేసిన బొచ్చు, పిల్లల డైపర్లు, వినాయకుడి ఇనప చట్రం, సగం తుప్పు పట్టిన కుట్టుమిషను కాళ్ళు, లెక్కలేనన్ని క్వార్టరు సీసాలు. ఎండిన గుర్రపుడెక్క మీద కొంగలు నడుస్తున్నాయి. మజ్జిగ తాగినవాళ్ళు ఖాళీ ప్యాకెట్లు ఎక్కడ పడేశారో నా కళ్ళతో చూశాను. ఎవర్నీ ఏమీ అనలేదు. నా ప్యాకెట్టు జేబులో పెట్టుకున్నాను, చొక్కా తడిసింది.

జూన్‌లో నీళ్ళు వదిలిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. నీళ్ళు ఒక్కసారిగా రావు. ముందు పైనుంచి ఒక వాసన వస్తుంది, ఎండిన మట్టి తడిసిన వాసన. తర్వాత గోధుమరంగు నాలుక ఒకటి గుంటల్లోంచి గుంటల్లోకి పాకుతూ వస్తుంది, దాని ముందు పుల్లలూ సీసాలూ నురగా. దాని వెనక కుర్రాళ్ళు అరుచుకుంటూ గట్టు మీద పరుగు. చీకటి పడేసరికి మా రేవులో కింది మెట్టు మునిగింది.

ఆ రాత్రి సింహద్వారం తీద్దామనిపించింది. అరుగు మీది సిలిండర్లు పక్కకి జరిపి, గడియకి కొబ్బరినూనె రాసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే గాని కదల్లేదు. రెండు తలుపులూ బార్లా తెరిచి గడప మీద కూర్చున్నాను. కాలవ గాలి తిన్నగా నట్టింట్లోకి వచ్చి క్యాలెండరు కాగితాల్ని కొట్టింది. అవతలి గట్టు మీద కాకినాడ బస్సు లైటు నీళ్ళ మీద పడి, మా గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయింది.

వంటింట్లోంచి మా పిన్ని కేక వేసింది. "ఒరేయ్, ఆ తలుపెయ్యరా బాబూ, ఇల్లంతా దోమలు!"